నాలుగో పిలుపు

ఫిబ్రవరి 3, 2023

ఫోను ఆటలకు, సినిమాలకు సంగీతం చేసే కృష్ణకాంత్ గారు జవాబిచ్చారు. జవాబిచ్చింది ఆయన మేనేజరు కాదు, ఆయనే. రాసి కూడా కాదు, నోటితో చెప్పి పంపారు. ఎవరికి? చిట్యాలలో పెళ్ళి వీడియోలకు పాటలు అతికించుకునే ప్రవళికకు! స్టూడియో బాత్రూములోకి పోయి విన్నాను. బయటికొచ్చి విన్నాను. ఊరికి వచ్చే ఆటోలో విన్నాను. మా ఓనరు విజేందరన్న "ఏందే, లాటరి తాకిందా?" అన్నాడు. తాకింది అన్నాను.

ఆయన అన్న మాటలు ఇక్కడ రాసిపెట్టుకుంటాను. ఫోను పోయినా ఇవి ఉంటాయి.

"ప్రవళికా, నువ్వు పంపిన తాటాకుల సప్పుడు ఇన్న. గాలి ఆగినంక గూడ బటన్ నొక్కకుంట జరసేపు అట్లనే ఉన్నవు సూడు, ఆడ తెలిసింది నీకు చెవి ఉందని. నాకిప్పుడు సావు డప్పు కావాలె. ఊర్ల కొట్టేది, అసలుది. స్టూడియోల కూసోబెట్టి కొట్టిచ్చింది వద్దు. ఈ నెలల దొరుకుతదేమో సూడు. దొరికితే కొత్త ఆటకు పనిచేసే టీముల నీకు జాగా ఉంచుత."

కోస్గి మనిషి. అంత పేరు వచ్చాక కూడా యాస మార్చుకోలేదు.

నాకు చెవి ఉంది.

ఫిబ్రవరి 4

నిద్ర లేచేసరికి అదంతా కల అనుకున్నాను. ఫోను చూశాను, ఉంది.

ఆయనను మొదటిసారి విన్నది ఇంటరులో. మా చిన్నమ్మ కొడుకు ఫోనులో, ఆయన సంగీతం చేసిన "బూడిదవాన" అనే ఆట ఆడుతున్నాడు. అందులో ఒకడు చచ్చిపోయిన తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఎండిపోయిన వాగు దాటుతాడు. ఇంకెవరైనా అయితే అక్కడ వంద వయొలిన్లను ఏడిపించేవారు. ఈయన ఉన్నదంతా తీసేశాడు. ఇసుకలో అడుగుల చప్పుడు, అంతే. వాడు ఆవలి గట్టు ఎక్కేదాకా నేను ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నాను. ఆ తరువాత ఫోను తిరిగి ఇవ్వనంటే ఇవ్వనన్నాను. ఇద్దరం జుట్లు పట్టుకున్నాం.

"కంకర రోడ్డు" సినిమాకు ఆయనే చేశాడని తెలిసి నల్లగొండ వెళ్ళి కళ్ళు మూసుకుని చూశాను. పక్క సీటావిడ "నిద్రొస్తే ఇంట్ల పండుకోరాదు బిడ్డా, టికెట్టెందుకు దండుగ" అంది. ఆ సినిమా కథ ఏమిటంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తంబుర ఎక్కడ ఆగుతుందో మాత్రం చెబుతాను.

వాయించడం తెలిసినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఆపడం తెలిసినవాడు నాకు ఈయనొక్కడే కనిపించాడు. ఆయన పనిచేసే గదిలో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చోనిస్తే చాలు, నోరు కూడా విప్పను.

ఫిబ్రవరి 5

అవ్వ చెవిలో ఒక ఇయర్‌ఫోను, నా చెవిలో ఒకటి. "బూడిదవాన" పెట్టాను. కాసేపు బుద్ధిగా విన్నది.

"పాడేటోడు ఇంక రాలేదా?"

"రాడు అవ్వా. దీంట్ల పాట ఉండదు."

"పాటనే లేకుంటే గింతమంది ఎందుకు కొట్టుకుంటున్నరే?"

బాపు పత్తి మిల్లుకు డ్యూటీకి బయలుదేరుతున్నాడు. నవ్వనే నవ్వని మనిషి, చెప్పులు తొడుక్కుంటూ నవ్వాడు. మా బాపు మాట్లాడితే ముత్యాలు రాలతాయి అంటుంది అమ్మ. అంత తక్కువ మాట్లాడతాడని దాని అర్థం. తన తల్లితో మాత్రం పొద్దున్నే కూర్చుని కబుర్లు చెబుతాడు. సాలమ్మ కొడుకు ఎల్లస్వామి అంటే ఊళ్ళో ఇప్పటికీ అట్లాగే గుర్తుపడతారు.

ఫిబ్రవరి 8

సోమన్న మామ దగ్గరికి పోయాను. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో ఎవరు పోయినా డప్పు ఆయన జట్టుదే. సంగతంతా చెప్పాను. ఫోను ఆట అంటే తెలియదని సినిమా అన్నాను, హైదరాబాద్ అన్నాను. పెళ్ళి దరువు కొడతా, బతుకమ్మ దరువు కొడతా, ఏది కావాలంటే అది కొడతా అన్నాడు. సావు దరువు అనగానే చేతిలో బీడీ కింద పడేశాడు.

"పీనుగ లేకుంట ఆ దెబ్బ కొట్టం బిడ్డా. కొడితే ఎవర్నో రమ్మని పిలిచినట్టు."

"ఊరవతల, చెలకల కొడదాం మామా. ఎవరికి ఇనపడదు."

"ఇనవలసినోనికి ఇనపడతది."

పోనీ ఎట్లా కొడతారో చెప్పమన్నాను. చెప్పడానికి అభ్యంతరం లేదట. "ఇంటికాడ మొదలువెడ్తం. తొవ్వ పొడుగున కొట్టుకుంట పోతం. దింపుడుకళ్ళం కాడ పాడె దించంగనే ఒక్క దెబ్బకు అందరం ఆపుతం. కొడుకు వంగి చెవుల మూడుమార్లు పిలుస్తడు. పానం ఉంటే లేస్తదని. గప్పుడు సప్పుడుండొద్దు, పిలుపు ఇనపడాలె గద. లేవకుంటే మళ్ళ ఎత్తుకుంటం."

ఒక్క దెబ్బకు అందరూ ఆపుతారు! ఆ ఆగడమే, కృష్ణకాంత్ గారు పడిచచ్చే ఆగడం! ఆయనకు కావలసింది డప్పు కాదు, డప్పు ఆగినప్పటి ఆ చోటు. నాకు తెలుసు.

ఫిబ్రవరి 10

ఆలేరులో పెళ్ళి. పుస్తె కట్టేటప్పుడు డీజే బాక్సు కుయ్‌మని అరిచింది. "అయ్యగారూ, ఇంకోసారి" అన్నాను. పంతులు మళ్ళీ మంత్రం చదివాడు, పిల్లవాడు మళ్ళీ వంగాడు, జనం మళ్ళీ అక్షింతలు వేశారు. తలంబ్రాలు కూడా రెండోసారి పోయించాను. పెళ్ళికూతురు మేనత్త "ఇంకోసారి ఇంకోసారి అని నా కోడల్ని మూడుసార్ల ముత్తైదువను జేస్తున్నవు" అని వెక్కిరించింది.

పనిలో చేరిన కొత్తలో నోరు రాక నీళ్ళు నమిలేదాన్ని. విజేందరన్నే నేర్పాడు. "ఇంకోసారి అననీకె సిగ్గుపడకు. ఒక్కనాటి సిగ్గు, ఇంటిల్లిపాది జీవితమంత సూసుకునే వీడియో." ఇప్పుడు నిద్రలో కూడా ఇంకోసారి అంటున్నానని అమ్మ చెబుతుంది.

ఫిబ్రవరి 12

అవ్వకు ఆయాసం. నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. మాస్కు పెట్టారు.

ఫిబ్రవరి 13

రికార్డరు చార్జింగు పెట్టాను. ఈ వారం షూటింగులు లేవు. ఊరికే పెట్టాను.

ఫిబ్రవరి 14

పెద్ద డాక్టరు బాపును పక్కకు పిలిచి మాట్లాడాడు. గుండెకు నీరుపట్టిందట. హైదరాబాద్ తీసుకుపోతే కొన్నాళ్ళు లాగవచ్చు, ఆమె వయసుకు అదీ గ్యారంటీ లేదు అన్నాడు. బాపు నా మొహం చూశాడు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే మరి.

ఇంటికే తీసుకుపోదాం బాపూ, అవ్వకు ఇల్లే ఇష్టం అన్నాను.

అవ్వే అడిగింది. మాస్కు తీసి, "నన్ను ఇంటికాడ పండవెట్టుండ్రి" అని రెండుసార్లు అన్నది. నేను కాదు, అవ్వే అడిగింది. అమ్మ కూడా విన్నది.

ఫిబ్రవరి 15

ఇంటికి వచ్చాం. అవ్వే అడిగింది.

ఫిబ్రవరి 16

విజేందరన్న ఫోను చేశాడు. చౌటుప్పల్‌లో అనుకోకుండా పెద్ద పెళ్ళి తగిలింది, రమ్మన్నాడు. రానన్నాను, అవ్వ దగ్గర ఉండాలన్నాను. "మంచి పిల్లవే నువ్వు, ఈ కాలంల ఎవరుంటరు గట్ల" అన్నాడు.

బాపు మిల్లుకు పోవడం మానేశాడు. తల్లి మంచం పట్టె మీద కూర్చుని చెంచాతో నీళ్ళు పోస్తున్నాడు. అవి పక్కకు కారుతుంటే తువ్వాలతో తుడుస్తున్నాడు. అంత పెద్ద చేతులు అంత మెల్లగా కదలడం నేను ఎన్నడూ చూడలేదు.

ఫిబ్రవరి 17

ఇవాళ కొంచెం నయం. గంజి తాగింది. నన్ను చూసి "పాడేటోడు వచ్చిండా?" అని అడిగింది. అందరం నవ్వాం. నాకు సంతోషంగానే ఉంది.

సంతోషంగానే ఉంది అని ఎందుకు రాశాను? "గానే" ఎందుకు? ఛీ. నెలాఖరు ఇంకా దూరం ఉంది అన్న ఆలోచన ఒకటి ఈగలా వచ్చి వాలుతోంది. తోలితే పోతుంది, మళ్ళీ వస్తుంది. నేను పిలవలేదు దాన్ని.

ఫిబ్రవరి 19

మధ్యాహ్నం అవ్వ పోయింది.

ఫిబ్రవరి 20

అవ్వను మన్నులో పెట్టి వచ్చారు. ఇల్లంతా జనం. నేను కొట్టంలో కూర్చుని రాస్తున్నాను.

సోమన్న మామ జట్టంతా వచ్చారు. వాకిట్లో గడ్డి మంట వేసి డప్పులు కాచారు. సాలమ్మ నాకు గోరుముద్దలు పెట్టిన తల్లి అని మామ ఏడుస్తూనే కొట్టాడు. ఊరు ఊరంతా కదిలింది. హైవే పక్క కల్వర్టు దగ్గర దింపుడుకళ్ళం. పాడె దించారు. బాపు వంగి మూడుసార్లు పిలిచాడు. ఇంక ఎత్తబోతుంటే నేను "ఇంకోసారి బాపూ" అన్నాను. జనమంతా గొల్లుమన్నారు. "పిల్ల పానం ఒప్పుకుంటలేదు పాపం" అని అమ్మ నన్ను పొట్లంలా చుట్టుకుంది. బాపు నా వైపు చూశాడు. వంగి ఇంకోసారి పిలిచాడు.

అవ్వను వదలలేక అన్నాను. అక్కడి నుంచి ఆడవాళ్ళం ఇంటికి మళ్ళాం. నేను ఏడ్చాను. ఇంటికొచ్చాక బాగా ఏడ్చాను.

ఫిబ్రవరి 21

ఈ డైరీ ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం ఆడితే ఇంక నిజం ఎక్కడ పెట్టుకోవాలి?

హారన్ పడింది.

రికార్డరు నా చున్నీ మడతలో ఉంది. ఒక చెవిలో ఇయర్‌ఫోను, పైన కొంగు. ఇంటి దగ్గర నుంచీ అంతా రికార్డు అవుతూనే ఉంది. డప్పు ఆగింది, ఒక్క దెబ్బకు, మామ చెప్పినట్టే. నా గుండె కూడా ఆగింది. ఎంత గొప్పగా ఉందో! బాపు మొదటి పిలుపు పిలిచాడో లేదో, హైవే మీద ట్యాంకరువాడు హారన్ పట్టుకుని వదలలేదు. మూడు పిలుపులూ దాని కిందే పోయాయి. నా నోట్లో నేను "హారన్ పడ్డది" అనుకున్నాను. తరువాత గట్టిగా "ఇంకోసారి బాపూ" అన్నాను. పుస్తె కట్టేటప్పుడు పంతులుకు చెప్పినట్టు చెప్పాను.

అందరూ నన్ను పట్టుకుని ఓదారుస్తుంటే దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. కొంగు కింద ఇయర్‌ఫోను అమ్మ చేతికి తగులుతుందేమోనని నా భయం. అవ్వ ఎదురుగా పడుకుని ఉంది, నాకు ఆ భయమే ఉంది.

అనకుండా ఉండవలసింది. కానీ అన్నాను. బాపు పిలిచాడు. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. తల్లిని ఒకసారి ఎక్కువ పిలిస్తే ఏమవుతుంది?

ఫిబ్రవరి 22

పొద్దున మూడొద్దులు, మూడోనాటి కూడు పెట్టారు. అవ్వకు ఇష్టమని కోడికూర, కల్లు. కాకి వెంటనే ముట్టింది. బాపు మాత్రం విస్తరి ముందు కూర్చుని లేచిపోయాడు.

సాయంత్రం స్టూడియోకు పోయి రికార్డు కృష్ణకాంత్ గారికి పంపించాను. మొదటి మూడు పిలుపులూ హారన్‌తోనే ఉంచాను, ఆయన అసలుది కావాలన్నాడు కదా. నా గొంతు మాత్రం కోసేశాను. ఎక్కడ కోశానో ఎవరికీ తెలియదు, ఆ అతుకులే కదా నా కూడు. నాలుగో పిలుపు శుభ్రంగా ఉంది, వెనక చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. గరగర ఏమైనా ఉందేమోనని మళ్ళీ మళ్ళీ విన్నాను. ఏమీ లేదు.

ఈ దరువు ఆయన చేతిలో పడితే అవ్వ పేరు నిలుస్తుంది. అవ్వ కోసమే పంపాను అనుకోవచ్చు.

ఫిబ్రవరి 24

బాపు తినడం లేదు. పొద్దున పోయి అవ్వను పూడ్చిన బొంద దగ్గర కూర్చుంటున్నాడు, పొద్దుగూకినాక వస్తున్నాడు. సోమన్న మామ బతిమాలి తీసుకొచ్చాడు. ఏమిటి మామా అని అడిగితే "మన్నుకు చెవివెట్టి పండుకుంటున్నడే. నాకు భయమైతాంది" అన్నాడు.

నేను బాపుకు నీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకుని, తాగకుండా, "బిడ్డా, నువ్వు గాడ ఏం సూసినవ్?" అన్నాడు.

"ఎక్కడ బాపూ?"

"దింపుడుకళ్ళం కాడ."

"ఏం సూడలే బాపూ."

తల ఊపాడు. గ్లాసు అట్లాగే కింద పెట్టాడు. ఏమి అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. తల్లి పోయిన దుఃఖంలో ఏదో అడిగాడు.

ఫిబ్రవరి 26

కృష్ణకాంత్ గారి జవాబు వచ్చింది. మళ్ళీ నోటితోనే.

"ప్రవళికా, డప్పు గురించి తర్వాత మాట్లాడుత. నేను పిలుపు కాడనే ఆగిపోయిన. మొదటి మూడు ఆనవాయితీ పిలుపులు. ఒకటి అయినంక ఒకటి, ఎట్ల పిలవాల్నో అట్ల పిలిచిండు. హారన్ కింద గూడ తెలుస్తాంది. నాలుగోది అట్ల లేదు. గొంతు మారింది. పిలిచి, జవాబొస్తదని ఆగిండు. ఆ మనిషికి ఆశ పుట్టింది అక్కడ. మూడోదానికి నాలుగోదానికి నడుమ నువ్వేదో కోసినవ్. అతుకు మంచిగనే ఏసినవ్ గని ఒక ఊపిరి సగంల తెగింది. ఏం కోసినవో నాకు తెల్వదు. ఆయన ఎవరు? ఆయన ఒప్పుకుంటేనే నేను వాడుత, లేకుంటే ఒక్క ముక్క ముట్టుకోను. అడిగి చెప్పు. నీకు జాగా ఉంది, మార్చి ఆరున వచ్చెయ్."

జాగా ఉంది. నేను కోరుకున్న గది, కోరుకున్న మూల, అన్నీ ఉన్నాయి.

రికార్డరు తీసి నాలుగో పిలుపు మళ్ళీ విన్నాను. గరగర కోసం కాకుండా బాపు కోసం విన్నాను. "అమ్మా" అంటాడు. ఆ రెండో అక్షరం పైకి లేస్తుంది, పొద్దున్నే మంచం దగ్గర కబురు మొదలుపెట్టేటప్పుడు లేచినట్టు. తరువాత ఆగుతాడు. ఎంతసేపు ఆగుతాడో! అది నేను ఎన్నోసార్లు విని, ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయిన నిశ్శబ్దం.

ఇంకోసారి పిలవమన్నాను. ఎందుకు పిలుస్తారు అక్కడ? ప్రాణం ఉంటే లేస్తుందని. నేను ఏదో చూశాననుకున్నాడు బాపు. అవ్వ కన్ను కదిలిందనో, పెదవి కదిలిందనో. ఆ తరువాత పాడె ఎత్తారు, తీసుకుపోయి మన్ను వేశారు.

ఎక్కడో కూర్చున్న మనిషికి ఒక్కసారి వింటే తెలిసింది. ఒక్క ఇంట్లో ఉన్న నాకు తెలియలేదు. నాకు చెవి ఉందట!

ఫిబ్రవరి 27

ఇవాళ చెప్పబోయాను. చెప్పలేకపోయాను.

"బాపూ, గా రోజు నేను బాధతోని అన్న. అవ్వను ఇడువబుద్ధి కాక అన్న. ఏం సూడలే."

బాపు గోడకు ఒరిగి కూర్చున్నాడు. గడ్డం మాసింది. మా బాపు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను వినలేదు.

"లేదు బిడ్డా. గప్పుడు నువ్వు ఏడుస్తలేవు. అందరు ఏడుస్తున్నరు, నువ్వొక్కదానివి తల పక్కకువెట్టి ఇంటున్నవు. అమ్మ దిక్కే సూసుకుంట ఇంటున్నవు. నీకేదో ఇనపడ్డది. గందుకే ఇంకోసారి పిలువుమన్నవు. నేను పిలిచిన. జరసేపు ఆగితే పలుకునేమో. ఎనకనుంచి ఎత్తుండ్రి ఎత్తుండ్రి అన్నరు, ఎత్తిన. ఇప్పుడు నేను బాధపడతనని నువ్వు దాస్తున్నవు. పానముండంగనే మన్నేసిన్నా బిడ్డా?"

అమ్మ తలుపు దగ్గర నిలబడి నోట్లో కొంగు కుక్కుకుంది.

లేదు బాపూ, లేదు అన్నాను. ఎన్నిసార్లు అన్నా ఒకటే. దాచిపెట్టేవాళ్ళు కూడా లేదనే అంటారు.

నమ్మించడానికి ఒక్కటే దారి ఉంది. రికార్డరులో అసలుది ఉంది, కోయనిది. అందులో నా నోట్లో నేను అనుకున్న మాట కూడా ఉంటుంది. అది వినిపిస్తే బాపుకు భయం పోతుంది. నేనేమిటో కూడా తెలుస్తుంది.

పైగా చెబితేనే కృష్ణకాంత్ గారి కోసం బాపు అనుమతి అడగగలను. బాపు ప్రాణం కోసం చెబుతున్నానా, నా జాగా కోసం చెబుతున్నానా అని పొద్దున్నుంచి నన్ను నేను నిలదీస్తున్నాను. రెండూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి, ఒకదాన్ని లాగితే రెండోది వస్తోంది.

ఫిబ్రవరి 28

బొంద దగ్గరికే పోయాను. మధ్యాహ్నం, ఎండ. బాపు తుమ్మచెట్టు నీడలో లేడు, మన్ను పక్కనే ఉన్నాడు. తలకు తువ్వాల కూడా చుట్టుకోలేదు.

స్టూడియో నుంచి తెచ్చిన పెద్ద హెడ్‌ఫోను ఆయన తలకు పెట్టాను. పెట్టనిచ్చాడు, చిన్నపిల్లవాడిలా. అప్పటికి ఇంకా ఏమీ చెప్పలేదు. బటన్ నొక్కాను.

నాకు వినిపించదు. కానీ ఆయన మొహంలో అంతా వినిపించింది. డప్పు మొదలైనప్పుడు ఉలిక్కిపడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి, పాడె మోస్తున్నాడు మళ్ళీ. డప్పు ఆగినప్పుడు ఆయన భుజాలు ఆగాయి. తరువాత కనుబొమలు ముడిపడ్డాయి, హారన్ వచ్చింది. తరువాత కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నా గొంతు వచ్చిందన్నమాట. తరువాత తన గొంతు, నాలుగోసారి.

హెడ్‌ఫోను తీశాడు.

"హారన్ పడ్డది అన్నవు."

"అన్న బాపూ."

"హారన్ పడ్డదని పిలువుమన్నవా?"

"ఆ బాపూ. రికార్డు ఖరాబైతదని. సంగీతం చేసే సారు ఒకాయన అడిగిండు, ఆయనకు పంపనీకె. అవ్వ ఏం కదల్లే. నేను ఏం సూడలే, ఏం ఇనలే. ఒట్టు. నాకు హారనే ఇనపడ్డది."

కొడతాడనుకున్నాను. మా బాపు ఎన్నడూ చెయ్యెత్తలేదు. ఇవాళ ఎత్తితే బాగుండుననిపించింది.

ఎత్తలేదు. హెడ్‌ఫోను మళ్ళీ తనే పెట్టుకున్నాడు.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఈసారి కళ్ళు మూయలేదు, మన్ను వైపే చూస్తున్నాడు. చివర్లో చెయ్యి కొంచెం పైకి ఎత్తాడు, ఆగు అన్నట్టు. నాలుగో పిలుపు తరువాత తను ఆగిన చోటును వింటున్నాడు. అక్కడ నాకు చీమ చిటుక్కుమనకపోవడం సంతోషమైంది, ఆయన ఆ చోటంతా వెతుకుతున్నాడు. ముందుకు వంగి, చెవుల మీద రెండు చేతులూ అదిమి పెట్టుకుని వెతికాడు. తరువాత డప్పు ఎత్తుకుని ఉంటారు, చేతులు వదిలేశాడు.

"పలుకలే" అన్నాడు.

"పలుకలే బాపూ."

"పోయిందన్నట్టే."

"ఆ బాపూ."

అప్పుడు ఏడ్చాడు. ఇన్ని రోజులకు, తల్లి పోయినందుకు ఏడ్చాడు. నేను పక్కన కూర్చోబోతే చేత్తో వద్దన్నాడు. అనుమతి సంగతి నా నోటి దాకా కూడా రాలేదు. ఇంటికి వచ్చి అన్నం వండమని అమ్మకు చెప్పాను.

మార్చి 2

బాపు తింటున్నాడు. గడ్డం గీయించుకున్నాడు. రేపటి నుంచి డ్యూటీకి పోతాడట. రికార్డరు ఆయన దగ్గరే ఉంది. ఇమ్మని అడగలేదు.

మార్చి 4

కృష్ణకాంత్ గారికి రాశాను. రికార్డు మా బాపుది, ఆయన దగ్గరే ఉంది, నేను పంపింది దయచేసి తీసేయండి అని. నేను కోసింది నా గొంతే అని కూడా రాశాను. ఆయన వెంటనే జవాబిచ్చారు. ఈసారి గొంతు కాదు, రాత. "తీసేసిన. నీ జాగా మాత్రం తీసేయలే." అంతే. ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి.

ఇంతకుముందైతే ఈ మాటకు బాత్రూములోకి పోయి ఎగిరేదాన్ని.

మార్చి 6

పోలేదు.

బ్యాగు సర్దాను. అమ్మ పులిహోర కట్టింది. "పో, పోయి రా, ఆయనే మెత్తబడతడు" అన్నది. పొద్దున బస్సు పోయింది, తరువాతి బస్సు కూడా పోయింది.

బాపు కోపంగా లేడు. ఒక్క మాట కూడా అనలేదు. ఊళ్ళోవాళ్ళు అడిగితే "పిల్లకు అవ్వంటే పానం, గందుకే పిలువుమన్నది" అనే చెబుతున్నాడని సోమన్న మామ చెప్పాడు. నా పరువు కాపాడుతున్నాడు. కానీ ఆ రోజు బొంద దగ్గర చెయ్యి అడ్డం పెట్టినప్పటి నుంచి నన్ను పిలవలేదు. నీళ్ళు కావాలంటే అమ్మను పిలుస్తాడు. తువ్వాల కావాలంటే తనే లేచి తీసుకుంటాడు. "బిడ్డా" అన్న మాట ఈ ఇంట్లో వినిపించడం లేదు.

ఇప్పుడు లోపల చెప్పులు వెతుక్కుంటున్నాడు. అవి నా పక్కనే ఉన్నాయి, గడప దగ్గర. నేను కదలకుండా కూర్చున్నాను. చెవిలో ఏమీ లేదు, ఫోను కూడా లోపలే పెట్టాను. చెప్పులేవని అడగడానికైనా ఒకసారి పిలుస్తాడేమోనని వింటున్నాను.

మూడుసార్లు అక్కర్లేదు. ఒక్కసారి పిలిస్తే లేస్తాను.